నీటితో పాటు శబ్దాన్నీ పట్టించుకునే దుకాణం: కూకట్‌పల్లిలోని ఒక సముద్ర అక్వేరియం అంగడిపై సమీక్ష

హైదరాబాద్‌లో సముద్రపు అక్వేరియం దుకాణానికి వెళ్ళేవారు సాధారణంగా నీళ్ళు తేటగా ఉన్నాయా, చేపలు మేత తింటున్నాయా, ధర ఎంత అనే మూడు విషయాలు చూసుకుని వస్తారు. చేపలు మాత్రమే పెంచేవారికి అది చాలావరకు సరిపోతుంది. రొయ్యలు, ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు, నత్తలు, రాతికి అంటుకుని పువ్వులా కనిపించే ఎనిమోన్ల వంటి వెన్నెముక లేని జీవులను పెంచేవారు మాత్రం ఆ ట్యాంకుల్లోకి ఎంత అదురు చేరుతోంది, ఎంత రొద దిగుతోంది అన్నది కూడా చూడాలి. ఈ కొలతతో చూసినప్పుడు, కూకట్‌పల్లిలో మెట్రో నడిచే పెద్ద రోడ్డు నుంచి వివేకానందనగర్ వైపు లోపలికి వెళ్ళే ఒక సందులో ఉన్న ఈ దుకాణం నగరంలో నేను చూసినవాటన్నిటిలోకీ మేలైనది. లోపాలు లేకపోలేదు. వాటిలో ఒకటి చిన్నది కూడా కాదు.

ముందుగా ఈ జీవులకు చప్పుడుతో ఉన్న సంబంధం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే దుకాణం చేస్తున్న పని విలువ అది తెలిస్తేనే అర్థమవుతుంది. రొయ్యకు గానీ పీతకు గానీ మనకున్నట్టు చెవి లేదు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది, అంటే గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగం. ఆ శబ్దంలో పీడనంలోని హెచ్చుతగ్గులు ఉంటాయి, నీటి కణాలు ముందుకూ వెనక్కూ ఊగే కదలిక కూడా ఉంటుంది. వెన్నెముక లేని జీవులు ప్రధానంగా గ్రహించేది ఈ రెండవదాన్నే. రొయ్యల్లో, పీతల్లో చిన్న మీసాల మొదట్లో స్టాటోసిస్ట్ అనే సూక్ష్మమైన సంచి ఉంటుంది. అందులోని రేణువు కదిలినప్పుడు చుట్టూ ఉన్న సన్నని రోమాలు వంగి, ఏది పైన, ఏది కింద, ఏ వైపు నుంచి అదురు వస్తోంది అనే సమాచారాన్ని నాడులకు అందిస్తాయి. కొన్ని రొయ్యలు పెంకు విడిచిన ప్రతిసారీ ఆ రేణువులను కూడా కోల్పోయి, అడుగున ఉన్న ఇసుక నుంచి కొత్తవి తెచ్చి పెట్టుకుంటాయి. 1893లో వియన్నా శాస్త్రవేత్త ఆలోయిస్ క్రైడ్ల్ ఇసుకకు బదులు ఇనుప రజను అందుబాటులో ఉంచగా, పెంకు మార్చుకున్న రొయ్యలు దాన్నే సంచిలో నింపుకున్నాయి. ఆ తరువాత ఆయన అయస్కాంతాన్ని పైన పట్టుకుంటే రొయ్యలు తలకిందులుగా తిరిగాయి. శరీరపు తూకాన్ని నిలిపే అవయవమే అదురునూ గ్రహిస్తుంది కాబట్టి, ఎడతెగని రొద ఈ జీవులకు చెవిపోటుతో తీరిపోయే ఇబ్బంది కాదు. అది నిలకడను, నడకను, మేత వెతుక్కునే తీరును ముట్టుకునే విషయం.

ఇక దుకాణం లోపలి సంగతి. లోపలికి అడుగుపెట్టగానే తెలిసే తేడా నిశ్శబ్దం. సాధారణంగా ఇలాంటి చోట్ల ప్రతి ట్యాంకు పక్కనా ఒక ఎయిర్ పంపు గుర్రుమంటూ ఉంటుంది. ఇక్కడ ట్యాంకుల దగ్గర ఒక్కటీ లేదు. వెనక గదిలో నేల మీద దళసరి రబ్బరు షీటు, దాని మీద ఒక పెద్ద బ్లోవరు, అక్కడి నుంచి మెత్తని గొట్టాల ద్వారా అన్ని ట్యాంకులకూ గాలి. గొట్టం గోడ దాటే చోట రంధ్రాన్ని కాస్త పెద్దగా చేసి, గొట్టం అంచుకు తగలకుండా చుట్టూ స్పాంజి చుట్టారు. లోపలి ట్యాంకుల బరువును మోసేది ఇనుప స్టాండు కాదు, ఇటుకలతో కట్టిన దిమ్మె. దానికీ అద్దానికీ మధ్య ఫోమ్ పరిచారు. నీటిని తిప్పే మోటారు సంపులో (ట్యాంకుకు అనుబంధంగా ఉండే నీటి తొట్టెలో) అడుగుకు బిగించి లేదు, సిలికాన్ దిళ్ళ మీద నిలబడి ఉంది. మోటారు నుంచి పైకి వెళ్ళే గట్టి పీవీసీ పైపుకు మధ్యలో ఒక జానెడు మెత్తని గొట్టం ముక్క అతికించారు. మోటారు అదురు పైపు గుండా అద్దానికి ఎక్కకుండా ఆపేది ఆ ముక్కే. నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రాన్ని కూడా ట్యాంకు కింద అరలో పెట్టకుండా విడిగా ఉంచారు. మే నెల హైదరాబాద్ ఎండలో 25, 26 డిగ్రీల దగ్గర నీటిని నిలబెట్టాలంటే చిల్లరు గంటల తరబడి నడవక తప్పదు. దాని కంప్రెసరు అదురు ఎటు పోతుందో ఆలోచించిన దుకాణాలు అరుదు.

ఎయిర్ పంపుల విషయంలో ఇంత పట్టుదల ఎందుకు అని కొందరు అడగవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది. చిన్న ఎయిర్ పంపులోని అయస్కాంతపు చేయి ఆ లెక్కనే ఊగుతూ రబ్బరు పొరను కొడుతుంది కాబట్టి, దాని రొద 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాల దగ్గర పేరుకుంటుంది. పీతలు, రొయ్యలు బాగా గ్రహించేది కూడా వెయ్యి హెర్ట్జ్‌కు లోపలి తక్కువ పౌనఃపున్యాలనే. అంటే మనకు సన్నని గుర్రుగా మాత్రమే వినిపించేది వాటికి సరిగ్గా తగలవలసిన చోట, రాత్రీ పగలూ విడవకుండా తగులుతుంది. అరచేతిని అద్దానికి ఆనించి చూడండి. చాలా దుకాణాల్లో ఒక జివ్వుమనే అదురు చేతికి తెలుస్తుంది. ఇక్కడి వెనక వరస ట్యాంకులకు చేయి ఆనిస్తే చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు.

ట్యాంకుల్లోని రొద గురించి శాస్త్రవేత్తలు ఆలోచించడం ఈమధ్య మొదలైనది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన లాగార్డేర్ 1982లో ప్రచురించిన పరిశోధనలో క్రాంగాన్ అనే ఇసుక రొయ్యలను రెండు రకాల ట్యాంకుల్లో పెంచారు. మామూలు పెంపకపు ట్యాంకుల్లో 25 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రొద, నిశ్శబ్దంగా ఉంచిన వాటిలోకంటే సుమారు 30 డెసిబెల్స్ ఎక్కువ. రొద ఉన్నచోట రొయ్యల ఎదుగుదల, సంతానోత్పత్తి రెండూ స్పష్టంగా తగ్గాయి. మరుసటి ఏడాది రెన్యోతో కలిసి ఆయన ప్రచురించిన పరిశోధన, రొదలో ఉన్న రొయ్యలు ఎక్కువ ఆక్సిజన్ వాడుకుంటున్నాయనీ ఎక్కువ అమోనియా విడుదల చేస్తున్నాయనీ చూపింది. అక్వేరియం పెంచేవారికి ఈ చివరి మాట ఎంత ముఖ్యమో విడమరచి చెప్పనక్కరలేదు. అమోనియాను అదుపులో పెట్టడానికే ఫిల్టర్ల మీద వేలు ఖర్చు పెడుతున్నాం. ఆ ఫిల్టర్ల మోటార్లే రొదకు మూలమైతే ఒక చేత్తో తీసినదాన్ని మరో చేత్తో పోస్తున్నట్టే. ఈ విషయాన్ని ఎత్తినప్పుడు దుకాణం యజమాని నాకంటే ముందే దాన్ని తెలుసుకుని ఉన్నారు. ఆయన కొత్తగా వచ్చినవారిని మొదట అడిగే ప్రశ్న కూడా ట్యాంకు ఎన్ని లీటర్లు అని కాదు. "మీ అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు ఎక్కడుందండీ? లిఫ్టు గోడ మీ హాలుకు ఆనుకుని ఉందా?" అని అడుగుతారు.

ఆ శ్రద్ధ ఫలితం కళ్ళారా చూడవచ్చు. ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగా పక్క దుకాణం వారు ఇనుప షట్టరును ఒక్క ఊపున కిందికి లాగారు. వీధి వైపు ఉన్న ప్రదర్శన ట్యాంకులో రాతి అంచున నిలబడి, వీపు మీద తెల్లచారతో, తెల్లని పొడవాటి మీసాలు ఆడిస్తూ ఒక క్లీనర్ రొయ్య ముందు కాళ్ళతో రాతిని గీరుతోంది. షట్టరు నేలను తాకిన క్షణంలో మీసాలు రెండూ వెనక్కి మడుచుకున్నాయి, గీరుతున్న కాళ్ళు ఆగిపోయాయి, ఒక్క తోక విదిలింపుతో అది రాతి వెనకకు పోయింది. లోపలి వరసలో, దిమ్మె మీద ఫోమ్ పరిచిన ట్యాంకులో ఉన్న అదే జాతి రొయ్య మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. చప్పుడు ఒకటే, జీవి ఒకటే, ఏర్పాటు మాత్రం వేరు. దుకాణాన్ని మెచ్చుకోవడానికీ, దాని లోపాన్ని ఎత్తి చూపడానికీ ఆ ఒక్క క్షణం చాలు.

ఆ లోపమే వీధి వైపున్న ప్రదర్శన ట్యాంకు. అది ఇనుప స్టాండు మీద, ద్వారానికి ఆనుకుని, బండ్లు ఆగే చోటికి రెండు అడుగుల దూరంలో ఉంది. వారాంతాల్లో పిల్లలు మూగి అద్దాన్ని తడుతూంటారు. పనిచేసే కుర్రవాడు పాపం ఓపికగా "అద్దం మీద కొట్టొద్దు నాన్నా, అవి బెదిరిపోతాయి" అంటూనే ఉంటాడు గానీ, అతను బిల్లు రాయడానికి అటు తిరిగితే ఇటు మళ్ళీ మొదలు. పైగా ఆ ట్యాంకు పైన అలమరలో ఒక స్పీకరు ఉంది, ఆదివారాల్లో పాటలు వస్తాయి. జనాన్ని ఆకర్షించడానికి ఏదో ఒకటి ముందు పెట్టాలంటే గట్టి చేపలను పెట్టవచ్చు. లోపల ఇంత జాగ్రత్త పడే మనిషి రొయ్యలను, సన్యాసి పీతలను ద్వారం దగ్గర పెట్టడం నాకు సమంజసంగా తోచలేదు.

దీనిపై ఆయన సమాధానం, "నాలుగు రోజులకు అలవాటు పడతాయండీ, చూడండి ఎలా కదలకుండా ఉన్నాయో" అని. ఈ మాట మన అక్వేరియం దుకాణాలన్నింటిలోనూ వినిపించేదే కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. కదలకుండా ఉండటం హాయిగా ఉండటానికి గుర్తు కాదు. 2010లో కరీబియన్ సన్యాసి పీతల మీద జరిగిన ప్రయోగంలో పడవ మోటారు శబ్దాన్ని వినిపిస్తే, అవి తమ మీదికి వస్తున్న కృత్రిమ శత్రువును మామూలుకంటే మరింత దగ్గరికి రానిచ్చిన తరువాతే గుల్లలోకి ముడుచుకున్నాయి. శబ్దం వాటి ధ్యాసను లాగేసుకోవడం వల్ల ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తించాయన్నమాట. 2013లో బ్రిటన్‌లో తీరపు పీతల మీద వేల్, సింప్సన్, రాడ్‌ఫర్డ్ చేసిన ప్రయోగాల్లో ఓడ శబ్దం వింటున్న పీతలు మేతను మధ్యలో వదిలేశాయి, దాక్కునే చోటికి నెమ్మదిగా చేరాయి, ఎక్కువ ఆక్సిజన్ వాడుకున్నాయి. పెద్ద పీతల్లో ఈ ప్రభావం మరింత ఎక్కువ. అలవాటు సంగతికి వస్తే, సముద్రంలో దూలాలు దిగగొట్టే శబ్దాన్ని ఆక్టోపస్‌కు దగ్గరి జాతి అయిన స్క్విడ్‌లకు వినిపించిన 2020 నాటి అమెరికన్ పరిశోధనలో అవి మొదట సిరా చిమ్ముతూ ఎగిరిపడి, కొద్దిసేపటికి తగ్గాయి. మరునాడు అదే శబ్దం వినిపిస్తే మళ్ళీ మొదటికి వచ్చాయి. ప్రతి ఉదయం షట్టరు ఎత్తడంతో మొదలయ్యే దుకాణంలో ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

బిల్లింగ్ కౌంటరు పక్కన గోడకు సముద్రంలోని శబ్దాల గురించి తెలుగులో రాసిన ఒక పత్రం అంటించి ఉంది. వ్యాపారానికి ఏమాత్రం ఉపయోగపడని ఆ పత్రాన్ని ఓపికగా తయారు చేసి పెట్టినందుకు యజమానిని మనస్ఫూర్తిగా అభినందించాలి. అందులో 2011 నాటి బార్సిలోనా పరిశోధన ఉంది. మిషెల్ ఆంద్రే బృందం 50 నుంచి 400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్ని రెండు గంటలపాటు వినిపించగా, స్క్విడ్, ఆక్టోపస్, కటిల్‌ఫిష్‌ల స్టాటోసిస్ట్‌లలోని రోమ కణాలు దెబ్బతిన్నాయి. 2001లోనూ 2003లోనూ స్పెయిన్ ఉత్తర తీరాన పెద్ద స్క్విడ్‌లు చనిపోయి కొట్టుకొచ్చినప్పుడు ఆ సముద్రంలో ఎయిర్‌గన్ సర్వేలు (ఒత్తిడి గాలిని నీటిలో పేల్చి, ఆ శబ్దంతో సముద్రగర్భాన్ని పరిశీలించడం) జరుగుతున్నాయన్న విషయం కూడా రాశారు. 2014 నాటి మరో పరిశోధనలో పడవ శబ్దం వల్ల సముద్రపు కుందేలు అనే నత్త జాతి గుడ్లలో పిండాభివృద్ధి విజయం 21 శాతం తగ్గి, పొదిగిన పిల్లల్లో మరణాలు మరో 22 శాతం పెరిగాయి. అది కూడా అందులో ఉంది. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు నిలబడి చదువుతుండటం నేను చూశాను.

ఆ పత్రంలో ఒక సవరణ అవసరం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దగ్గర జరిగి, 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం ఎయిర్‌గన్ పేల్చిన గంటలోపు అక్కడి జంతుప్లవకాల (నీటిలో తేలియాడే చిన్న జీవుల) సంఖ్య 64 శాతం మేర తగ్గిందనీ, ఆ ప్రభావం 1.2 కిలోమీటర్ల దూరం దాకా కనిపించిందనీ రాశారు. అది నిజమే. అయితే 2019లో నార్వేలో కాలానస్ అనే జంతుప్లవకాల మీద చేసిన ప్రయోగంలో పది మీటర్లు దాటితే హాని పెద్దగా కనిపించలేదు. జాతిని బట్టి, ప్రయోగపు తీరును బట్టి ఫలితాలు మారతాయి కాబట్టి రెండూ పక్కపక్కన ఉంటే చదివేవారికి న్యాయం జరుగుతుంది. ఇది దూరదేశాల గొడవ కాదు. కాకినాడకు ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్‌లోని లోతు సముద్రం నుంచి 2009 మొదలు సహజవాయువు తీస్తున్నారు, సముద్రగర్భంలో నిక్షేపాలను వెతికేది ఎయిర్‌గన్‌ల శబ్దంతోనే. మన పళ్ళెంలోకి వచ్చే పీతా, రొయ్యా పుట్టే తీరమది. దేశానికంతటికీ సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ ఈ దుకాణానికి దగ్గరలోనే ప్రగతినగర్‌లో ఉంది. సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో ఉన్నామని ఈ విషయాలు మనకు సంబంధించనివని అనుకోనక్కరలేదు.

దుకాణంలో మెచ్చుకోదగ్గ మరో పద్ధతి, కొత్తగా వచ్చిన జీవులను అమ్మకానికి పెట్టడంలో చూపే నిదానం. సంచిలో నీళ్ళు, ఆక్సిజన్ నింపి, ఆటోల్లో, వ్యాన్లలో, సరుకు విమానాల్లో గంటల తరబడి కుదుపులకు లోనై వచ్చిన రొయ్యకు అప్పటికే ఒత్తిడి తలకు మించి ఉంటుంది. పీతలు, రొయ్యల్లో ఒత్తిడి వచ్చినప్పుడు కంటి కాడ నుంచి వెలువడే హార్మోను రక్తంలో చక్కెరను పెంచుతుంది. మధ్యధరా సముద్రపు లోబ్‌స్టర్లకు పడవ శబ్దం వినిపించినప్పుడు కూడా రక్తంలో చక్కెర, మాంసకృత్తులు పెరిగినట్టు 2014లో ఇటలీ శాస్త్రవేత్తలు చూపారు. ఇక్కడ కొత్తవాటిని వెనక గదికి దూరంగా, మసక వెలుతురులో ఉంచి, చుక్కచుక్కగా నీళ్ళు కలిపి అలవాటు చేస్తారు. మేత తిన్నాకే, వీలైతే ఒకసారి పెంకు విడిచాకే అమ్ముతారు. పెంకు విడిచిన రోజుల్లో ఆ వరస వైపు ఎవరినీ వెళ్ళనివ్వరు. "రేపు రండన్నా, ఇవాళ అది మెత్తగా ఉంది" అని ఆ కుర్రవాడు ఒక కొనుగోలుదారును వెనక్కి పంపడం విన్నాను. చేతికొచ్చిన బేరాన్ని ఇలా వాయిదా వేసే దుకాణం మీద నమ్మకం దానంతటదే కలుగుతుంది.

ధరలు మిగతా చోట్లకంటే కొంత ఎక్కువ. క్లీనర్ రొయ్యలు, చారల బాక్సర్ రొయ్యలు, సన్యాసి పీతలు, టర్బో నత్తలు ఎప్పుడూ ఉంటాయి. బ్రతికున్న పగడాలు అడిగితే లేవని ముఖం మీదే చెబుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు, సముద్ర దోసకాయలకు రక్షణ ఉందని వివరిస్తారు కూడా. ఎనిమోన్‌ను మాత్రం ట్యాంకు పెట్టిన కొత్తలోనే అమ్మడానికి వెనకాడకపోవడం నాకు నచ్చలేదు. కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచిన ట్యాంకు ఉన్నవారికే అవి ఇవ్వాలి.

ఇంటికి వచ్చి ట్యాంకు అమర్చే సేవ గురించి వివరంగా చెప్పాలి. అంతకుముందు మరో చోటివారు మా ఇంట్లో అమర్చిన ట్యాంకులో మోటారును సంపు అడుగుకు స్క్రూలతో బిగించి, స్టాండును లిఫ్టు గోడకు ఆనించి వెళ్ళారు. లిఫ్టు కదిలిన ప్రతిసారీ నీటి మీద సన్నని అలలు లేచేవి, పీతలు పగలంతా గుల్లల్లోనే ఉండేవి. ఈ దుకాణం వారు వచ్చి స్టాండును ఎదుటి గోడ వైపుకు, గోడకు మధ్య ఖాళీ ఉండేలా జరిపారు. మోటారును మెత్తని దిళ్ళ మీదికి మార్చారు. ఎత్తు నుంచి సంపులోకి పడి గలగలమంటున్న నీటి ధారను పైపు మూతి నీటిలో మునిగేలా సరిచేశారు. నీళ్ళలోకి నీళ్ళు పడే చప్పుడు మన చెవికి ఇంపుగానే ఉంటుంది గానీ, పగిలే బుడగల రొద ట్యాంకంతటా పాకుతుంది. కొద్ది రోజుల్లోనే పీతలు పట్టపగలు ఇసుక మీద తిరగడం మొదలుపెట్టాయి. ఇది ఒక ఇంటి అనుభవమే తప్ప ప్రయోగం కాదని నాకు తెలుసు. నీరు, మేత, వెలుతురు మాత్రం ఆ రోజుల్లో మేము మార్చలేదు.

ఆ సేవలో ఒక పద్ధతి మానుకుంటే మంచిది. పని పూర్తయ్యాక ఫోనులో డెసిబెల్ మీటరు యాప్ తెరిచి, ట్యాంకు ముందు పట్టుకుని, "చూడండి సార్, ఎంత తగ్గిందో" అని అంకెలు చూపిస్తారు. ఫోను కొలిచేది గాలిలోని శబ్దాన్ని. గాలిలో డెసిబెల్‌కు ఆధారం 20 మైక్రోపాస్కల్స్, నీటిలో 1 మైక్రోపాస్కల్. కాబట్టి రెండు అంకెలను నేరుగా పోల్చడానికి వీల్లేదు. పైగా రొయ్యకు కావలసిన లెక్క పీడనం కాదు, నీటి కణాల కదలిక. నాలుగు అద్దాల మధ్య శబ్దం తిరిగి తిరిగి తగిలే చిన్న ట్యాంకులో దాన్ని కొలవడం పరిశోధకులకే కష్టం. హాలు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన నీళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయని అర్థం కాదు. అద్దం మీద అరచేయి ఆనించి చూడమని చెప్పడమే ఆ యాప్ కంటే నిజాయితీగల పరీక్ష. నీటిలో దించి అక్కడి శబ్దాన్ని వినే చిన్న మైకు, హైడ్రోఫోన్ ఒకటి కొని పెట్టుకుంటే ఇంకా మంచిది, ఇంత శ్రద్ధ ఉన్నవారికి అది మించిన ఖర్చు కాదు.

వెళ్ళదలచినవారు వారంలోని పని రోజుల్లో మధ్యాహ్నం వేళ వెళ్ళండి. ఆ సమయంలో యజమాని తీరికగా ఉంటారు, ట్యాంకులూ ప్రశాంతంగా ఉంటాయి. వినాయక నిమజ్జనం రోజుల్లో, పెళ్ళి ఊరేగింపుల కాలంలో ఆ సందు గుండా బ్యాండు మేళాలు, పెద్ద స్పీకర్ల బండ్లు వెళతాయి. ఆ రోజుల్లో దుకాణం వారే రొయ్యలను ప్యాక్ చేసి పంపడం ఆపేస్తారు, ఇళ్ళకు అమర్చే పనులు కూడా పెట్టుకోరు. ముందుగా ఫోను చేసి కనుక్కోవడం మంచిది. ద్వారం దగ్గరి ట్యాంకు విషయం నేను ఆయనతో రెండోసారి కూడా ప్రస్తావించాను. దీపావళి లోపు రొయ్యలను లోపలి వరసకు మార్చి, ముందు చేపలను పెడతానని మాట ఇచ్చారు.